కిటికీలో ఆఫీసు

(తణుకులో బస్టాపు ఎదురుగా పాత పెంకుటిల్లు. వీధి కిటికీ ఊచలకు రెండు కొమ్ముల తెల్ల డబ్బా ఒకటి కట్టి ఉంది. దాని కింద అట్టముక్క మీద పసుపు రంగుతో 'ఇచ్చట వైఫై లభించును, రోజుకు 5 రూపాయలు' అని రాసి ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఇదే కిటికీ మీద ఎస్టీడీ బూత్ బోర్డు రాసిన చెయ్యే ఇదీ రాసింది. రంగు డబ్బా కూడా అప్పటిదేనేమోనని అనుమానం.)

సుబ్బలక్ష్మి: ఏవండీ, ఆ డబ్బాకి దిష్టి తీసేదా? పొద్దుట్నుంచీ దాన్నే చూస్తున్నారు.

సూర్యారావు: డబ్బా అనకే. పీడీఓ అను. పబ్లిక్ డేటా ఆఫీసు.

సుబ్బలక్ష్మి: ఆఫీసా? పడగ్గది కిటికీకా?

సూర్యారావు: పీఎం వాణి అని, ఊరూరా జనానికి వైఫై అందించే పథకం. 2020 డిసెంబర్ 9న కేంద్ర కేబినెట్ ఆమోదించింది. లైసెన్సు అక్కర్లేదు, ఫీజు లేదు. టీకొట్టువాడైనా పెట్టుకోవచ్చు.

సుబ్బలక్ష్మి: మన సందు చివర టీకొట్టువాడు పెట్టాడా?

సూర్యారావు: లేదు.

సుబ్బలక్ష్మి: అందుకే వాడి కొట్టు నడుస్తోంది.

సూర్యారావు: నీకు తెలీదే. ఇది మన ఎస్టీడీ బూత్ లాంటిదే. అప్పట్లో రాత్రి పావు ఛార్జీ టైముకి ఈ అరుగు మీద ఎంతమంది కూర్చునేవాళ్లు! ఇసకేస్తే రాలేది కాదు.

సుబ్బలక్ష్మి: నాకు తెలీకపోవడమేంటి? వాళ్లందరికీ మంచినీళ్లిచ్చింది నేను. గల్ఫులో మొగుడి గొంతు విని ఏడ్చిన పిల్లల్ని ఓదార్చింది నేను. మీరు చేసిందల్లా మీటరు చూసి చీటీ చింపడం.

సూర్యారావు: ఆ చీటీలతోనే నీకు గాజులు చేయించాను.

సుబ్బలక్ష్మి: బూత్ మూసేశాక ఆ గాజులు ఏమయ్యాయో కూడా చెప్పండి.

(సూర్యారావు డబ్బాకి పట్టని దుమ్మును తువ్వాలుతో తుడుస్తాడు.)

సుబ్బలక్ష్మి: సరే, ముక్కూ మొహం తెలీనివాడు మన నెట్‌లో దూరి ఏ వెధవపనో చేస్తే? పోలీసులు ఎవరింటికొస్తారు?

(ఈ ప్రశ్నకి ఆయన వారం రోజులుగా ఎదురుచూస్తున్నాడు.)

సూర్యారావు: అదీ ప్రశ్నంటే! ఊరికే ఎవడూ ఎక్కలేడు. ముందు ఫోన్ నంబరు కొట్టాలి, ఓటీపీ రావాలి. ఎవరు ఎప్పుడు వాడారన్న లెక్క మన పైనున్న అగ్రిగేటర్, అంటే మనలాంటి పీడీఓలన్నిటినీ కలిపి చూసే కంపెనీవాడు, చూసుకుంటాడు. మనింటి నెట్‌వర్క్ వేరు, బయటివాళ్లది వేరు. డబ్బా ఒకటే, తలుపులు రెండు.

సుబ్బలక్ష్మి: తలుపులు రెండైనా వచ్చే తీగ ఒకటేగా?

సూర్యారావు: మన లైను వంద ఎంబీపీఎస్. మేడ మీద ట్యాంకనుకో. బయటివాళ్లకి నేను సన్న కుళాయి బిగించాను. మనిషికి అర ఎంబీపీఎస్ దాటదు. ట్యాంకు మనదే, ధార మనదే.

సుబ్బలక్ష్మి: ఆ ధారేదో నాకూ కాస్త వదలండి. మూడు రోజులుగా సీరియల్ ముందుకెళితే ఒట్టు. నిన్న కోడలు అత్తగారి చేతిలో పాలగ్లాసు పెట్టబోయింది. ఇంతలో తెర మీద చక్రం గుండ్రంగా తిరగడం మొదలైంది. అది ఆగేసరికి ఇంట్లో శవం లేచింది. పాలు తాగిందెవరో నాకింకా తెలీదు.

సూర్యారావు: సిగ్నల్ సమస్య. వంటింట్లోకి ఫైవ్ గిగాహెర్ట్జ్ వైఫై తరంగం రాదే. మన గోడలు మట్టిగోడలు, మూరెడు మందం. టూ పాయింట్ ఫోర్ అయితే కాస్త దూరుతుంది.

సుబ్బలక్ష్మి: దూరేదాన్ని పెట్టకుండా దూరనిదాన్ని పెట్టడమెందుకు? లైనుకి ఎంత కడుతున్నారు?

సూర్యారావు: 2025 జూన్‌లో ట్రాయ్, అదే టెలికాం నియంత్రణ సంస్థ, కొత్త ఆర్డరు ఇచ్చింది తెలుసా? 200 ఎంబీపీఎస్ వరకు ఏ ఫైబర్ ప్లాన్ అయినా, ఇళ్లకిచ్చే రేటుకి రెట్టింపు మించి మన దగ్గర తీసుకోకూడదు.

సుబ్బలక్ష్మి: అంటే రెట్టింపు తీసుకోవచ్చన్నమాట.

సూర్యారావు: మించి తీసుకోకూడదన్నారు.

సుబ్బలక్ష్మి: మీరెంత కడుతున్నారు?

సూర్యారావు: మించలేదు.

(నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దంలో బస్సొకటి వచ్చి వెళ్తుంది. దిగినవాళ్లెవరూ కిటికీ వైపు చూడరు.)

సూర్యారావు: నువ్వలా చూడకు. వ్యాపారం మొదలైంది. ఇదిగో ఫోన్‌లో లెక్క. సోమవారం ఒక కస్టమర్, ఐదు రూపాయలు. మంగళవారం ఒకరు. నిన్న ఇద్దరు! నాలుగు రోజుల్లో ఇరవై.

సుబ్బలక్ష్మి: అది మూడు రోజులు.

సూర్యారావు: ఇవాళ కూడా వస్తారు కదా అని...

సుబ్బలక్ష్మి: ఒక్క నిమిషం. శనివారం మీరు ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ మార్చారా?

సూర్యారావు: మార్చాను. భద్రత కోసం.

సుబ్బలక్ష్మి: నాకు చెప్పారా?

సూర్యారావు: చెప్పలేదా?

సుబ్బలక్ష్మి: సోమవారం నుంచి నా ఫోన్ పొద్దున్నే ఓటీపీ అడుగుతోంది. కొడుతున్నాను. ఐదు రూపాయలు అడుగుతోంది. కరెంటు బిల్లులాగా ఇదేదో కొత్త బిల్లనుకుని యూపీఐ కొడుతున్నాను.

(సూర్యారావు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంటాడు. లెక్క మారదు.)

సూర్యారావు: అంటే ఆ సన్న కుళాయి...

సుబ్బలక్ష్మి: నా నెత్తిన బిగించారు! సీరియల్ ఎందుకు చచ్చిందో ఇప్పుడు తెలిసింది. నా పోపులడబ్బా డబ్బు ఐదు రూపాయలు ఎక్కడెక్కడో తిరిగి, మధ్యలో ఆ అగ్రిగేటరెవరో కాస్త కొరుక్కుని, మిగిలింది మీ ఖాతాలో పడింది. దాన్ని చూసి మీరు నాకే వ్యాపారం మొదలైందని చెబుతున్నారు!

సూర్యారావు: నిన్న ఇద్దరున్నారే. రెండోవాడు బయటివాడే కదా!

సుబ్బలక్ష్మి: నంబరు చివర ఎంతుంది?

సూర్యారావు: (చాలాసేపటికి) నాలుగు ఏడు.

సుబ్బలక్ష్మి: అది మీ నంబరే.

సూర్యారావు: కస్టమర్‌కి ఎలా అందుతోందో పరీక్షించాలి కదే.

సుబ్బలక్ష్మి: ఎలా అందింది?

సూర్యారావు: చక్రం తిరిగింది.

(గేటు చప్పుడు. వీపున బ్యాగుతో ఒక కాలేజీ కుర్రాడు. సూర్యారావు ఒక్క ఉదుటున లేచి అరుగు మీద కుర్చీ వేసి, తువ్వాలుతో దులుపుతాడు.)

సూర్యారావు: రా బాబూ, రా! వైఫై ఇక్కడే. ముందు నీ నంబరు కొట్టు, ఓటీపీ వస్తుంది. ఏ ఊరు మనది? ఎవరబ్బాయివి?

కుర్రాడు: వైఫై వద్దండీ. నాకు రోజుకి రెండు జీబీ వస్తుంది, అదే మిగిలిపోతోంది. ఫోన్ చచ్చిపోయిందండీ. భీమవరం బస్సొచ్చేదాకా కాస్త ఛార్జింగ్ పెట్టుకోవచ్చా?

(సూర్యారావు డబ్బా వైపు చూస్తాడు. డబ్బా మీద పచ్చలైటు ఆరోగ్యంగా వెలుగుతోంది.)

సుబ్బలక్ష్మి: (ఆయన్ని పక్కకి జరిపి) లోపలికి రా నాయనా. ప్లగ్గు ఇదిగో. పది రూపాయలు. (భర్తతో, గొంతు తగ్గించి) ఆ అట్టముక్క తిరగేసి ఇటివ్వండి. రంగు ఇంకా మిగిలిందా?