అల్పాకా గుంటూరు ఎండకు ఆగదు, ఆ మెసేజ్ పంపడం ఆపండి

కొన్నాళ్లుగా నా ఫోన్‌కి ఒకటే మెసేజ్. బ్రాడీపేట స్నేహితులు పంపారు, నరసరావుపేటలో ఉన్న మేనమామ కొడుకు పంపాడు, పటమటలో ఉండే వదిన అయితే "మనకేమైనా పనికొస్తుందేమో చూడండి" అని రాసి మరీ పంపింది. వీడియోలో పచ్చటి కొండవాలు, చిన్న కుటుంబం, పొడుగు మెడల బొచ్చు జంతువులు, వాటి మధ్య పరుగెత్తే పిల్లలు. కింద రాసింది ఇదీ: అల్పాకా ఒంటె జాతి కాబట్టి మన ఎండలు దానికి లెక్క కాదు. మరీ వేడిగా ఉంటే గేదెకు పోసినట్టు వీపు మీద నీళ్లు పోస్తే చాలు. పెరట్లో ఒక జత పెంచుకోవచ్చు. ఏడాదికి రెండు ఈతలు. ఒక్కోటీ పది కిలోల ఉన్ని ఇస్తుంది, కిలో వేలల్లో పలుకుతుంది. సగం సబ్సిడీ. పుట్టిన పిల్లల్ని కంపెనీయే తిరిగి కొంటుంది. చివర్లో అడ్వాన్స్ కట్టడానికి ఒక నంబరు.

మాది పల్నాడు వైపు జీవాలున్న ఇల్లు. మందలో ఒక్క గొర్రె మేత మానేసినా ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. అందుకే ఈ మెసేజ్‌ని చూసీచూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. అల్పాకా పదకొండున్నర నెలలు మోస్తుంది, ఈతకు ఒక్కటే పిల్ల, కవలలు బహు అరుదు. ఏడాదికి రెండు ఈతలన్నది శుద్ధ అబద్ధం. జతగా పెంచుకోవచ్చన్నదీ తప్పే. అది మంద జంతువు, కనీసం మూడైనా లేకపోతే బెంగపడుతుంది. సబ్సిడీ సంగతి: జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో గుర్రం, గాడిద, కంచరగాడిద, ఒంటెలను చేరుస్తూ 2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది. ఆ జాబితాలో ఒంటె పేరు చూసి అల్పాకాను ఇరికించారు. దాని పేరు అందులో లేదు.

ఇక అసలు విషయం, ఎండ. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

ఒంటె జాతే, నిజం. కానీ ఆ వంశం కోటి ఏళ్ల కిందటే చీలిపోయింది. ఒక శాఖ ఆసియా, ఆఫ్రికాల వైపు వచ్చింది, ఇంకొకటి దక్షిణ అమెరికా చేరి ఆండీస్ పర్వతాల చలికి అలవాటు పడింది. అల్పాకా ఈ రెండో శాఖది. పెరూ, బొలీవియాల్లో దాని సొంత నేల 3,500 మీటర్ల పైమాటే. తిరుమల గుడి ఉన్న చోటు వెయ్యి మీటర్లు కూడా ఉండదు. ఆండీస్ ఎత్తులో రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి. అంత చలిని ఆపడానికే దానికి ఆ బొచ్చు.

అమెరికాలో అల్పాకాలు పెంచేవాళ్లకు ఒక లెక్క ఉంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, రెండూ కూడతారు. 120 లోపు ఉంటే ఫర్వాలేదు, 150 దాటితే కాపలా కాయాలి, 180 దగ్గరకొస్తే ప్రాణాపాయం. మన మే నెల తెల్లవారుజాము తీసుకోండి. 29 డిగ్రీలంటే 84 ఫారెన్‌హీట్, తేమ 75. మొత్తం 159. అది రోజంతటిలో చల్లటి వేళ! జూలైలో వాన వెలిశాక 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే 166. పగలు తిన్న వేడిని రాత్రికి వదిలించుకుని మర్నాటికి తేరుకుందామన్నా ఆ జీవానికి కుదరదు. విజయవాడలో రోహిణి కార్తెకి సీలింగ్ ఫ్యాన్ కింద మనమే పడుకోలేం కదా, ఒళ్లంతా ఉన్ని ఉన్న జంతువు ఎలా పడుకుంటుంది?

బొచ్చు కత్తిరిస్తే సరిపోదా అని మా వదిన అడిగింది. మంచి ప్రశ్నే. చలిదేశాల్లో వేసవికి ముందు ఏటా కత్తిరిస్తారు కూడా. దానివల్ల కొంత ఉపశమనమే తప్ప గాలిలో తేమ తగ్గదు. మగవాటికి వేడి ఎక్కువైతే వృషణాలు వాచి, నెలల తరబడి ఆడవాటికి చూలు కట్టించే శక్తి పోతుంది. అప్పుడు ఆ పిల్లల లెక్క కూడా పోయినట్టే.

వీపు మీద నీళ్లు పోయమని రాసినవాడికి ప్రాణం విలువ తెలియదు. గేదె చర్మం బోసిగా ఉంటుంది, నీళ్లు ఆరుతూ ఒంటిని చల్లబరుస్తాయి. అల్పాకా వీపు మీద పోస్తే ఉన్ని ఆ నీళ్లను పట్టేసుకుంటుంది, తడిసిన రగ్గు కప్పినట్టు లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. దాని ఒంట్లో వేడి బయటికి పోయేది పొట్ట కింద నుంచి, తొడల లోపలి వైపు నుంచి. అక్కడ బొచ్చు పలచన. తెలిసినవాళ్లు పైపు పట్టుకుని కిందినుంచి అక్కడే తడుపుతారు. ముక్కుపుటాలు విప్పార్చి, నోరు తెరిచి, కింది పెదవి వేలాడేసి రొప్పుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ సమయంలో మెసేజ్ నమ్మి వీపు మీద బిందె కుమ్మరిస్తే, కాపాడాలనుకున్న చేతులతోనే చంపినట్టవుతుంది. ఫార్వర్డ్ చేసే ముందు ఎవరైనా ఒక్క పశువుల డాక్టర్ని అడిగారా? అడగరు. బొటనవేలితో నొక్కడం అంత తేలిక కాబట్టి.

మన నేల సంగతే చూడండి. నెల్లూరు గొర్రె, మాచర్ల గొర్రె, రెంటికీ ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తరతరాల ఎండ ఈ ప్రాంతపు గొర్రెలకే ఉన్ని ఉంచలేదు. మనం ఆండీస్ నుంచి తెచ్చి ఉంచుతామా?

వీడియోలోని కుటుంబం అబద్ధం కాదు. ఇంగ్లండ్ లాంటి చోట్ల అలా బతికేవాళ్లున్నారు, ఆ బతుకు అందమైనదే. మే, జూన్‌లలో బొచ్చు కత్తిరింపు. కాళ్లు చాపి కట్టి, పట్టా మీద పడుకోబెట్టి, ఒక్కోదానికి కొద్ది నిమిషాల్లో కానిచ్చేస్తారు. వేసవిలో ఈతలు, అవీ ఎక్కువగా ఉదయం పూటే. ఆండీస్‌లో గడ్డకట్టే రాత్రి చలికి తడి పిల్ల బతకదు, ఆ అలవాటు జాతిలోనే ఉండిపోయింది. చలికాలం ఎండుగడ్డి, ఎండ చాలక విటమిన్ డి మందు. ఎండ చాలక! అక్కడి వేసవి మధ్యాహ్నం ఇంచుమించు మన జనవరి తెల్లవారుజామంత. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మంద మొత్తం ఒకే చోట పేడ వేస్తుంది, ఎత్తిపోసుకోవడం సులువు, మంచి ఎరువు. మెసేజ్‌లో ఆ ముక్క రాయనే లేదు.

ఉన్ని లెక్కకు వస్తే, ఏడాదికి ఒక్కసారి కత్తిరిస్తే వచ్చేది రెండు మూడు కిలోలు. మెడ, కాళ్ల మీది ముతక తీసేస్తే మంచి రకం ఇంకా తగ్గుతుంది. పోగు సన్నదనాన్ని మైక్రాన్లలో కొలిచి ధర కడతారు. ప్రపంచంలో అల్పాకాలు అత్యధికంగా ఉన్నది పెరూలో, ఆ దేశంలో పూనో లాంటి ఎత్తు ప్రాంతాల కాపరులు ఇప్పటికీ పేదలే. ఉన్నితో కోటీశ్వరులయ్యేదుంటే ముందు వాళ్లే అయ్యేవాళ్లు.

మరి అమెరికాలో కొందరు డబ్బు చేసుకున్నారు కదా అంటారు. చేసుకున్నారు, ఉన్ని అమ్మి కాదు, తమ తర్వాత వచ్చినవాళ్లకు జంతువుల్ని అమ్మి. 1984 నుంచి దిగుమతులు మొదలై వేల డాలర్లకు ఒక్కోటి అమ్ముడుపోయింది. ఉన్ని మీద వచ్చే ఆదాయం ఆ ధరలకు చాలదని, ఇది ఎప్పుడైనా పేలిపోయే ధరల బుడగేనని 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ఆర్థికవేత్తలు సైటోన్, సెక్స్‌టన్ లెక్కగట్టి చెప్పారు. తర్వాత ధరలు కుప్పకూలాయి.

మనకు అమెరికా ఎందుకు, ఈము గుర్తు లేదా? పిల్లల్ని ఇస్తాం, నెలనెలా డబ్బిస్తాం, తిరిగి కొంటాం అన్న మాట మీదే తమిళనాడు పెరుందురైలో సుశి ఈము ఫార్మ్స్ నడిచింది. 2012లో కూలింది. దాని యజమానికి తర్వాత కోర్టు జైలు శిక్ష వేసింది. మన జిల్లాల్లోనూ ఈములు పెంచినవాళ్లు మేత పెట్టలేక, కొనేవాళ్లు లేక ఏడ్చారు. మా బంధువుల్లో ఒకాయన పొలం తాకట్టు ఇంకా విడిపించుకోలేదు. అదే మాట, పక్షి పోయి జంతువు వచ్చింది. అంతమాత్రాన అందరూ మరిచిపోయారా?

అయితే పంపినవాళ్ల మీద నాకు కోపం లేదు, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించాల్సి వచ్చిన సంగతి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలినవాళ్లకు తెలుసు. పెట్టుబడి రాక, కౌలు కట్టలేక ఉన్న మనిషికి పచ్చటి కొండ మీద నవ్వుతున్న కుటుంబాన్ని చూపిస్తే ఆశ పుడుతుంది. ఆ ఆశ తప్పు కాదు. దాన్ని చూసుకునే ఈ మెసేజ్ రాశారు.

కాబట్టి ఆ నంబరుకి ఫోన్ చేయాలనుకునేవాళ్లు ఒక పని చేయండి. విదేశాల నుంచి పశువుల దిగుమతి మీద 1898 నుంచే చట్టం ఉంది. కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) లైసెన్సు కావాలి, దిగిన చోట క్వారంటైన్‌లో ఉంచాలి. ఆ లైసెన్సు కాపీ, క్వారంటైన్ నుంచి విడుదల చేసిన కాగితం చూపించమని అడగండి. చూపించకుండా అడ్వాన్స్ అంటే నంబరు బ్లాక్ చేయండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసినవాళ్లు సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ అదే, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.