ఇంజిన్ వెనక దాక్కున్న ఆక్సిజన్ సెన్సారుకి పర్లాకిమిడి మాస్టారి లేఖ

సెన్సారు దొరవారి సముఖానికి,

పర్లాకిమిడి కెమిస్ట్రీ మాస్టారు, కుడి మోచేతికి కాలిన మందు పూసుకుని, ఎడమ చేత్తో రాసుకుంటున్న విన్నపం. అక్షరాలు వంకర పోతే అది తమరి చలవే.

మా పాత పెట్రోలు కారులో తమరు 11 ఏళ్లుగా కాపురం ఉంటున్నారని మొన్నటిదాకా నాకు తెలీదు. పాతపట్నంలో పెళ్లికి వెళ్లి తిరిగొస్తుంటే స్టీరింగు ఎదుట మీటర్ల పక్కన, ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే పసుపు దీపం వెలిగింది. "ఏదో వెలిగింది, ఆర్పండి" అంది మా ఆవిడ, అక్కడికి నేనే వెలిగించినట్టు. మర్నాడు షెడ్డులో మెకానిక్ తమ్ముడు స్కానర్ పెట్టి చూశాడు. "తప్పు కోడు పీ 0135 మాస్టారూ. ముందు సెన్సార్ హీటర్ సర్క్యూట్ అంటంది. మార్చేద్దాం, ఎంతసేపు?"

ఎంతసేపో తమరికి తెలుసు, నాకు తెలుసు, నా మోచేతికి తెలుసు.

ముందు నా సిగ్గు చెప్పుకోవాలి. 22 ఏళ్లుగా పన్నెండో తరగతి పిల్లలకి నెర్న్‌స్ట్ సమీకరణం, అంటే రెండు వైపులా గాఢత తేడాని బట్టి ఎంత వోల్టేజి పుడుతుందో చెప్పే లెక్క, చెబుతున్నాను. ఆ మహానుభావుడు దాన్ని 1889లో చెప్పాడు. 1897లో జిర్కోనియా అనే పింగాణీ కడ్డీతో ఒక దీపం కూడా చేశాడు. చల్లగా ఉంటే ఆ కడ్డీలోంచి కరెంటు పారదు, ముందు వేడి చేస్తేనే వెలుగుతుంది. తమరి ఒంట్లో ఉన్నదీ ఆ జిర్కోనియాయే, అదే బుద్ధి. సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ నోరు విప్పరు. అందుకే కడుపులో హీటరు. 1976లో వోల్వో కారులో తొలిసారి కొలువుకెక్కారట. ఇన్నేళ్లూ బోర్డు మీద సమీకరణం రాసి, చేతులు దులుపుకుని, అదే సమీకరణం మీద కూర్చుని ఇంటికెళ్లానన్నమాట.

తమరి ఉద్యోగం నాకు భలే నచ్చింది. ఒక చెంప ఇంజిను వదిలే పొగ వైపు, ఇంకో చెంప బయటి గాలి వైపు. రెండు పక్కలా ఆక్సిజన్ ఎంత తేడాగా ఉంటే అంత వోల్టేజి. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1కి. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి అనే లెక్క దగ్గర ఇటూ అటూ ఊగుతారు. దొరా, తమరు మా ఊరివారే! 1936 ఏప్రిల్ 1న మమ్మల్ని ఒడిశాలో కలిపినప్పటి నుంచి మా బతుకూ అంతే. ఆఫీసులో అర్జీ ఒడియాలో, పక్కింటి వాళ్లతో తగువు తెలుగులో. బోర్డు మీద పారళాఖెముండి, బస్సెక్కితే పర్లాకిమిడి. కాకపోతే మేం సరిహద్దులో ఉన్నా చెయ్యి చాపితే అందుతాం.

తమరున్న చోటు చూడండి. ఇంజినుని అడ్డంగా పెట్టి, పొగ గొట్టాన్ని వెనక గోడ వైపు తిప్పి, ఆ సందులో తమర్ని బిగించిన ఇంజినీరు చేతులు ఏ కొలతవో నాకు చూడాలనుంది. పైనుంచి పెడితే చెయ్యి మణికట్టు దాకానే దూరుతుంది. కిందనుంచి వెళ్తే స్టీరింగు రాడ్డు అడ్డం. అద్దం పెట్టి చూస్తే కనిపిస్తారు, గుళ్లో దేవుడికి మల్లే. దర్శనమే, స్పర్శ లేదు.

22 నంబరు పానా పట్టింది గానీ తిప్పడానికి చోటేది? సాకెట్టు వేద్దామంటే తమరి తోక, నాలుగు వైర్లు, అడ్డొస్తుంది. మెకానిక్ తమ్ముడు గ్రైండరుతో ఒక సాకెట్టుకి పక్కన చీలిక కోసుకుని దాచుకున్నాడు. వైరు ఆ చీలికలోంచి బయటికొస్తుంది. దానికి ఎక్స్‌టెన్షన్ తగిలించి, రాచెట్టుకి పైపు తొడిగి లాగాడు. తమరు కదల్లేదు, చీలిక దగ్గర సాకెట్టు నోరు తెరిచింది. "వైరు కోసేద్దామా మాస్టారూ, నిండు సాకెట్టు పడతాది, ఎలాగూ పారేసేదే" అన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. పాత సామాను పారెయ్యలేని మధ్యతరగతి రోగం, అంతే.

తుప్పు నూనె కొట్టి టీ తాగాం. ఇంజిను అయిదు నిమిషాలు నడిపి, మరలు వేడి మీద ఉండగా మళ్లీ పట్టాం. చల్లగా ఉన్నప్పుడు బలవంతం చేస్తే తమరు పోతూ పోతూ గొట్టంలో మరలు కూడా చెరిపి పోతారట. టార్చి పట్టుకోమన్నాడని వంగాను, అప్పుడే గొట్టం నా మోచేతిని ముద్దు పెట్టుకుంది.

కారు కింద ఒడియా కుర్రాడు. పైనుంచి మేం "అయిందా?" అని అడగడం, వాడు "హెలాని" అనడం. వాళ్ల భాషలో 'ణి' అంటే అయిపోయింది, 'ని' అంటే అవలేదు. కారు కింద దుప్పటి కప్పుకున్నట్టు వినిపించే గొంతులో ఏది 'ణ', ఏది 'న'? గిడుగు వారు తిరిగిన ఊళ్లో ఉంటూ ఈ పరీక్షలో ఏడుసార్లు తప్పాను. ఎనిమిదోసారి టక్కుమని చప్పుడైంది. అది ఏ భాషలోనైనా 'ణి'యే.

శ్రీకాకుళం నుంచి తెప్పించిన కొత్త సెన్సారు మరలకి గ్రీజు, కొసకి అంటకుండా, జాగ్రత్తగా పూసి బిగించారు. 2,800 రూపాయలు. విప్పితే వెనక్కి తీసుకోరు. కోడు చెరిపేసి సంబరంగా బయల్దేరాను. వీధి చివర దాటకుండానే పసుపు దీపం.

అప్పుడు చూశాడు తమ్ముడు మల్టీమీటరు తీసి. తమరి రెండు తెల్ల వైర్ల మధ్య 6 ఓములు. హీటరు భేషుగ్గా ఉంది! కనెక్టర్‌కి జానెడు అవతల, టేపు కింద, వైరుని ఎలక కొరికి వదిలేసింది. వినాయకుడి వాహనానికి మా వాహనంతో ఏం పగో.

"ముందు అది చూడాలి కదా తమ్ముడూ" అన్నాను.

"ముందు చూస్తే ఇది ఎలా తీస్తామో తెలిసేదేటి మాస్టారూ" అన్నాడు.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. వైరు అతికించినందుకు 50 రూపాయలు తీసుకున్నాడు.

తమరిప్పుడు మా ఇంట్లో, టీవీ పక్కన, పాత వార్తాపత్రికలో చుట్టుకుని ఉన్నారు. ఏ తప్పూ చెయ్యకుండానే ఉద్యోగం పోయినవారు కాబట్టి నా తరఫున ఒక కొలువు చూశాను. సోమవారం ఫస్ట్ పీరియడ్, నెర్న్‌స్ట్ పాఠం. వచ్చి టేబులు మీద కూర్చోండి. దయచేసి వెనక బెంచీకి మాత్రం పోకండి.

ఇట్లు,
కాలిన మోచెయ్యి గల
మాస్టారు