కళ్ళలోకి చూడు నాయనా, ప్రమోషన్ వస్తుంది

నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీవారు తమ ఉద్యోగుల మెదళ్ళు బాగుచేయించే మహత్కార్యానికి పూనుకున్నారు. ‘న్యూరోడైవర్స్ ఉద్యోగులకు ప్రొఫెషనల్ కోచింగ్, ఒక్కరోజు శిబిరం’ అని ఫ్లెక్సీ కట్టారు. న్యూరోడైవర్స్ అంటే మెదడు అందరిలా కాక వేరే తీరుగా పనిచేసేవాళ్ళు. ఆటిజం, చదువూ రాతా తడబడే డిస్లెక్సియా, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అన్నీ సాయంత్రం టీ టైముకల్లా సర్దుకుంటాయన్నమాట. భోజనం కూపన్ ఇచ్చారు గనక నేనూ వెళ్ళాను.

కోచ్‌గారు కోటు వేసుకొచ్చారు. మే నెలలో, నెల్లూరులో. ఆత్మవిశ్వాసం ఎంతటిదో అక్కడే తెలిసిపోయింది. మైకు అందుకుని ‘ఎనర్జీ! ఎనర్జీ!’ అని అరిచి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, బెలూన్లు ఊదించి, ‘మీ భయం పేరు దాని మీద రాసి పగలగొట్టండి’ అన్నారు. ఠపఠపా పేలుతున్నాయి. అకౌంట్స్‌లో ఆటిజం ఉన్న కుర్రాడొకడున్నాడు, ఈ తతంగమంతా అతని కోసమే. రెండు చేతులతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగాడు. కోచ్‌గారు పరుగున వెళ్ళి అతని చెవి దగ్గరే మైకులో, ‘నా కళ్ళలోకి చూడు! చూస్తేనే లీడర్‌వి అవుతావు!’

‘మైకు ఆపితే వింటాను సార్’ అన్నాడు, నేల చూస్తూనే.

ఆ పూటంతటికీ పనికొచ్చిన మాట అదొక్కటే. దానికి హాలంతా చప్పట్లు కొట్టింది, ఇంకా గట్టిగా. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాడు. కాసేపటికి అదే కుర్రాడు, ఫ్లెక్సీ మీది తేదీకీ వారానికీ పొంతన లేదని చూపించాడు. ‘నెగటివ్ థింకింగ్ వద్దు’ అన్నారు కోచ్‌గారు.

చెరువులో రొయ్య మేత ముట్టకపోతే ఇదే కంపెనీ టెక్నీషియన్ వచ్చి, మేత ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్ళలో దించే చెక్ ట్రే ఎత్తి చూస్తాడు, ఆక్సిజన్ చూస్తాడు, అమ్మోనియా చూస్తాడు. నీళ్ళను అనుమానిస్తాడు. రొయ్యను కూర్చోబెట్టి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు పీకడు.

మనిషి దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుంది? ఆ కుర్రాడి నెత్తి మీది ట్యూబ్‌లైటు నెలల తరబడి జుయ్యిమంటూ కొట్టుకుంటోంది. మార్చమని మెయిల్ పెట్టాడు. మార్చరు. పని నోటిమాటగా కాకుండా రాసివ్వమన్నాడు. రాసివ్వరు, పైగా పొగరంటారు. సీటు మార్చేటప్పుడు ముందురోజు చెప్పమన్నాడు. చెప్పరు. కోటుకి మాత్రం డబ్బులుంటాయి! ఈ పని నిజంగా తెలిసిన కోచ్ అయితే మొదట మేనేజరునే కూర్చోబెడతాడు. పెద్ద పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ గడువు పెట్టిస్తాడు. గోల ఉన్నచోట హెడ్‌ఫోన్లకి ఒప్పిస్తాడు. ఏకాగ్రత కుదరనివాళ్ళ పక్కన తోడుగా మరొకరు కూర్చుని తమ పని తాము చేసుకునే ఏర్పాటు చేస్తాడు. వారాల తరబడి వెంట ఉండి ఏది పనిచేసిందో చూస్తాడు. ఇందులో బెలూన్ ఎక్కడుందయ్యా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటివీ ఉన్నాయి. సమాన అవకాశాల విధానం ప్రకటించమని అది ప్రైవేటు సంస్థలకూ చెప్పింది. ఆ కాగితం ఎక్కడని హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే, ‘భోంచేశారా సార్?’ అన్నారు.

చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు. ‘మార్కులు దేనికి మేడమ్? హాలుకా, భోజనానికా, సార్‌కా?’ అని అడిగాడు కుర్రాడు.

‘గమ్మున ఐదు పెట్టబ్బయ్యా.’

చేపల పులుసుకి నాలుగు, కోచ్‌గారికి సున్నా వేసి కింద సంతకం పెట్టాడు. వచ్చే నెల రెండో విడత శిబిరం జాబితాలో మొదటి పేరు అతనిదే.