ఓడ చిన్నదైతేనే దీవి మిగులుతుంది

విశాఖ రేవులో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించినప్పుడు అందరూ గొప్పగా చెప్పుకున్నది ఒకటే. ఇక్కడికి 2,000 మందిని మోసే ఓడ కూడా వస్తుందని. అప్పటి నుంచి ఏ ఓడ వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్న చర్చే నడుస్తోంది. ఓడ ఎంత చిన్నదిగా ఉండాలి అని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. తీరాన్నీ దీవుల్నీ చూపించి సంపాదించాలనుకునే రాష్ట్రం ముందు అడగాల్సింది అదే.

గాలపాగోస్‌లో ఆ ప్రశ్న ఎప్పుడో అడిగారు. ఈక్వడార్ తీరానికి దాదాపు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులవి. 1835లో డార్విన్ దిగిన చోటు. అక్కడ దీవుల మధ్య తిరిగే ఓడలో 100 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. చాలా ఓడలు 16 మందివే. ఒడ్డుకు దిగాక ఒక గైడ్ వెంట 16 మందికి మించి నడవకూడదు. ఏ ఓడ ఏ రోజు ఎక్కడ ఆగాలో నేషనల్ పార్కే రాసిస్తుంది. ఒకసారి ఆగిన చోటికి రెండు వారాల్లోపు మళ్లీ రానివ్వరు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అక్కడ ఇప్పటికీ నీలి కాళ్ల బూబీ పక్షి మనుషులు నడిచే బాట పక్కనే గుడ్లు పొదుగుతూ కూర్చుంటుంది, లేచి పారిపోదు.

ఈ పద్ధతిలో అసలు కీలకం, మనవాళ్ల కంటికి ఆననిది, ఇంకొకటుంది. పర్యాటకుడు పడుకునేది ఓడలో. జనం లేని దీవి మీద మంచం లేదు కాబట్టి హోటల్ లేదు. హోటల్ లేదు కాబట్టి బోరు లేదు, జనరేటర్ లేదు, రాత్రి దీపాలు లేవు, తెల్లారితే చెత్త లారీ లేదు. అదుపు తప్పిన పర్యాటకం, వలసలు, బయటి నుంచి వచ్చిపడిన జీవజాతుల వల్ల 2007లో యునెస్కో గాలపాగోస్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేర్చింది. 2010లో తీసేసింది. ఓడల్లోని మంచాలకు పరిమితి ఉంది కాబట్టి ఆ వైపు పెద్దగా పెరగలేదు. పెరిగిన రద్దీ చాలా వరకు జనం ఉన్న దీవుల్లోని హోటళ్ల దారిన వచ్చిందే.

చిన్న ఓడ డబ్బున్నవాళ్ల సరదా అంటారు. గాలపాగోస్ విషయంలో నిజమే. వారం ప్రయాణానికి లక్షలవుతుంది. 2024 ఆగస్టు నుంచి చాలామంది విదేశీయులకు పార్కు ప్రవేశ రుసుమే 200 డాలర్లు. కానీ ఆ ఖరీదు విలాసానికి, దూరానికి. కాకినాడ నుంచి 20 మంది ఎక్కే బోటుకు ఆ ఖర్చెందుకు?

కాకినాడకు ఎదురుగా గోదావరి ముఖద్వారం దగ్గర హోప్ ఐలాండ్ ఉంది. నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ. తుపాను అలలకు అడ్డంగా ఊరిని కాస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల చీకట్లో వెలుతురున్న వైపే పాకుతుంది. సముద్రం మీది ఆకాశం దానికి దారి. ఆ ఇసుకలో ఒక్క రిసార్ట్ వెలిగితే పిల్లలు నీటికి వీపు తిప్పి దీపాల వైపు నడుస్తాయి. అందుకే నేను చెప్పేది ఒకటే. హోప్ ఐలాండ్‌కు మనుషులు వెళ్లాలి, పగలు చూడాలి, సాయంత్రానికి బోటెక్కాలి. అక్కడ ఒక్క గది కూడా కట్టకూడదు.

మన ప్రభుత్వాలు ఏ పార్టీవైనా పర్యాటకాన్ని తలలతోనే లెక్కపెడతాయి. ఈ ఏడాది ఇన్ని కోట్ల మంది వచ్చారని ప్రకటన వస్తుంది. తిరుమల క్యూలో నిలబడినవాళ్లూ అందులోనే. వచ్చినవాళ్లు ఏం చూశారు, చూపించినవాళ్లకు ఏం మిగిలిందన్న లెక్క ఎక్కడా కనిపించదు. గాలపాగోస్‌లో ఓడలు ఆగే చోట్ల పార్కు లైసెన్సున్న గైడ్ లేకుండా ఒడ్డున అడుగు పెట్టలేరు. ఆ పని అక్కడి స్థానికుల హక్కు. మన దగ్గర అంతకంటే ఎక్కువ తెలిసినవాళ్లను బోటు డ్రైవర్లు అంటాం.

కోరంగి మడ అడవిలో నన్ను తిప్పిన ఆయన అలాంటివాడే. పాయ మలుపులో ఇంజను ఆపేసి, "కాస్త మాటలాపండి" అన్నాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మడ వేళ్ల మధ్య బురదలో ఒక్కో బొరియలోంచి పీత బయటికొచ్చింది, ఒక డెక్క చిన్నది, రెండోది ఒంటికి మించినంత పెద్దది. బురద మీద వేలెడంత చేపలు ఎగురుతూ పోయాయి. బావురు పిల్లి కనిపిస్తుందా అని అడిగాను. తడి బురదలో పాదం గుర్తులు చూపించాడు, పొద్దున్నే వెళ్లిందన్నాడు. ఇంతమంది బోటులో గోల చేస్తే రాదా అంటే, "గోల ఒకటే కాదండి. మీరు పోటు మీదొచ్చారు, బురద చాలా వరకు మునిగుంది. నీరు తీసినప్పుడు, పాటు మీద నలుగురే రండి, నేను చూపిస్తాను" అన్నాడు.