మూడో రన్‌లో తేలే బలం: దక్షిణ తెలంగాణ ఎండలో ఇంజిన్ ట్యూనింగ్

టర్బో పెట్రోలు కారు కొన్న కుర్రకారు నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా త్వరలోనే అడిగే ప్రశ్న, రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు) చేయిస్తే ఎన్ని హార్స్‌పవర్లు పెరుగుతాయని. ట్యూనర్ చూపే డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే యంత్రం) కాగితం మీద దానికి జవాబు ఉంటుంది. పెరిగిన ఆ బలంలో మే నెల మధ్యాహ్నం ఎంత మిగులుతుందో ఆ కాగితం చెప్పదు, మన ప్రాంతంలో డబ్బు పెట్టేవారు చూడాల్సింది మాత్రం దాన్నే.

గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో మరింత కష్టపడి గాలిని ఇంకా వేడి చేస్తుంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తట్టుకోలేనప్పుడు ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూ వెంటనే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి లాగి బలాన్ని కోసేస్తుంది. అందుకే చల్లారిన ఇంజిన్ మీద తీసిన మొదటి రన్ (డైనో మీద ఒకసారి కొలవడం) ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది, అసలు బలం ఇంజిన్ వేడెక్కిన మూడో రన్‌లోనే తేలుతుంది.

డైనో లెక్కలో ఇంకో చిక్కుంది. ఎస్ఏఈ (అమెరికా వాహన ఇంజినీర్ల సంఘం) పద్ధతిలో కొలిచిన బలాన్ని 25 డిగ్రీల వేడికి, 99 కిలోపాస్కల్ పొడి గాలి ఒత్తిడికి సరిపోయేలా సవరించి అచ్చువేస్తారు. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండలో ఈ సవరణే పది శాతం దాటవచ్చు. సహజంగా గాలి పీల్చే ఇంజిన్‌కు అది న్యాయమే. బూస్ట్‌ను (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని) తానే సరిచేసుకునే టర్బో ఇంజిన్‌కు మాత్రం అది ఇంజిన్‌లో లేని బలాన్ని కాగితం మీద కలుపుతుంది. దానికితోడు చక్రాల దగ్గర కొలిచిన అంకెకు ట్రాన్స్‌మిషన్ నష్టమంటూ 15 శాతమో 20 శాతమో ఊహించి కలిపి కంపెనీ అంకెతో పోలిస్తే, ఆ పోలికకు విలువే లేదు. రీమ్యాప్‌కు ముందూ తర్వాతా అదే డైనో మీద, అదే గేరులో, అదే పెట్రోలుతో వరుసగా మూడేసి రన్లు తీయించి, సవరించని అంకెలతో పాటు ఇంజిన్‌లోకి వెళ్లే ఇన్‌టేక్ గాలి వేడినీ టైమింగ్‌నూ చూపే లాగ్ అడగాలి. ముందు రన్ అనవసరమనే షెడ్డుకు బండి అప్పగించకపోవడమే మంచిది.

రోడ్డు మీద కొలుద్దామంటే సాధారణ ఫోన్ జీపీఎస్ సెకనుకు ఒక్కసారే వేగం నమోదు చేస్తుంది, తొమ్మిది సెకన్లలో వంద అందుకునే కారుకు అది చాలదు. సెకనుకు కనీసం పదిసార్లు నమోదు చేసే పరికరంతో రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీయాలి. అలాగని నార్కట్‌పల్లి దాటాక 65వ జాతీయ రహదారి మీదో, జడ్చర్ల దగ్గర 44వ రహదారి మీదో ఈ పని చేయమని చెప్పను. నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు, పైగా రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టరుకు మన పరీక్ష సంగతి తెలియదు.

ఇక ఎంపికల విషయానికొస్తే, టర్బో లేని చిన్న కారుకు ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్పులు మోత పెంచినంతగా పికప్ పెంచవు. సెన్సార్‌ను మభ్యపెట్టే పిగ్గీబ్యాక్ బాక్సు వారంటీ తనిఖీకి ముందు ఊడదీసుకోవచ్చన్న మాటతోనే అమ్ముడుపోతుంది కానీ, అలాంటి చాలా బాక్సులు టైమింగ్ జోలికి పోవు కాబట్టి ఎండ ప్రాంతానికి నేను దాన్ని సిఫారసు చేయను. నా ఓటు ప్రోగ్రామ్ మాత్రమే మార్చే స్టేజ్ 1 రీమ్యాప్‌కు, దానికన్నా ముందు పెద్ద ఇంటర్‌కూలర్‌కు. ఆ రీమ్యాప్ ఫైలు కూడా మామూలు బంకు పెట్రోలుకు రాసిందై ఉండాలి. నాకింగ్‌ను బాగా తట్టుకునే 100 ఆక్టేన్ ప్రత్యేక పెట్రోలు నమ్ముకొని చేసిన ట్యూనింగ్‌తో అచ్చంపేట దాకా వెళితే తిరుగు ప్రయాణానికి ఏం పోయించాలి?

గేర్‌బాక్సు పరిమితి అంతకన్నా ముఖ్యం. ఫోక్స్‌వ్యాగన్ 1.5 టీఎస్ఐ టర్బో పెట్రోలు ఇంజిన్ కంపెనీ నుంచే 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) వస్తుంది, దానికి జతచేసిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు సామర్థ్యం కూడా సరిగ్గా అంతే. అక్కడ టార్క్ 300 దాటిస్తామనే ట్యూనర్ ఇంజిన్ బలాన్ని క్లచ్ ఆయుష్షుతో కొంటున్నట్టే. క్లచ్ బదులు నూనెతో బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సుతో వచ్చే 1.0 టీఎస్ఐకి ఆ ఇబ్బంది తక్కువ. డీజిల్ బండ్లకు రీమ్యాప్ ఫలితం ఎక్కువగానే ఉంటుంది కానీ, దాంతోపాటు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేస్తామంటే ఒప్పుకోకూడదు. చట్టవిరుద్ధమైన మార్పులకు మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు పడవచ్చు, చెప్పకుండా మార్చిన బండి ప్రమాదానికి గురైతే బీమా కంపెనీ క్లెయిమ్‌కు అడ్డు చెప్పే అవకాశం కూడా ఉంటుంది.