ఎదురుకోలు మర్యాద గారికి ఒక ఫిర్యాదు

ఇటలీ నగరాల ఎదురుకోలు మర్యాద గారికి,

నమస్కారం. మగపెళ్లివారికి ఎదురెళ్లి, పానకాలిచ్చి, విడిదికి తీసుకెళ్లే ఇళ్లలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ చనువుతోనే రాస్తున్నాను. పదిహేనో శతాబ్దంలో మీరు చేసిన హడావిడి ముందు మా మేనమామలు ఎందుకూ పనికిరారు.

రాయబారి ఎంత గొప్పవాడో ఆయన మొహం చూసి కాదు, ఎంత దూరం ఎదురెళ్లారో కొలిచి చెప్పించారు కదా మీరు! ఎవరికి ఏ మర్యాద చెయ్యాలో గుర్తుండక, ఫ్లోరెన్స్‌ ప్రభుత్వ వార్తాహరుడు ఫ్రాంచెస్కో ఫిలారెతే 1470లలో ఏకంగా పుస్తకమే మొదలుపెట్టాడు.

1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్ల్స్ రాయబారిగా పంపగా ఫిలిప్ ద కొమ్మిన్ వెనిస్‌కి బయల్దేరాడు. దారిలో వెనిస్ ఏలుబడిలోని ఊళ్లలో ఇద్దరు అధికారులుంటే ఒకరే ఊరి బయటికి వచ్చేవారు, రెండోవారు కోటగుమ్మం దగ్గరే ఆగేవారు. (ఇద్దరూ వస్తే ఏ కొంప మునిగేదో మీకే తెలియాలి.) సత్రం ఖర్చు ఊరివాళ్లదే. కానీ డోళ్లవాళ్లకీ బాకాలవాళ్లకీ ఇచ్చే ఈనాములు లెక్కేస్తే ఆ ఉచితంలో పెద్దగా మిగిలేదేమీ లేదని ఆయనే రాసుకున్నాడు.

వెనిస్ దగ్గరి ఫుసీనా రేవులో పట్టుబట్టల్లో పాతికమంది పెద్దమనుషులు. ఇంకాస్త ముందుకెళితే మరో పాతికమంది, మరో ఉపన్యాసం. ఎర్ర శాటిన్ కప్పిన పడవలో మిలాన్, ఫెరారా రాయబారుల మధ్య కూర్చోబెట్టారు. ఇటలీలో మధ్య చోటే గౌరవమట. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటులో నలిగేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంత చేసిన వెనిస్, 1495 మార్చి 31న ఆ రాజుకే వ్యతిరేకంగా పోప్, మిలాన్, స్పెయిన్, జర్మన్ రాజులతో కూటమి కట్టింది. మర్నాడు వెనిస్ పాలకుడు (డోజ్) బార్బరీగో కొమ్మిన్‌ని పిలిపించి, ఎంతో మర్యాదగా ఆ కబురు చెప్పాడు. పాపం, విన్నది బుర్రకెక్కక, మెట్లు దిగుతూ పక్కనున్న కార్యదర్శితో మళ్లీ చెప్పించుకున్నాడు. బయట, చార్ల్స్ అప్పటికే ఆక్రమించిన నేపుల్స్ రాయబారి కొత్త అంగీ తొడుక్కుని నవ్వుతూ కనిపించాడట.

ఆ రోజే కూటమి రాయబారులంతా నలభై పడవల్లో వాద్యాలతో కొమ్మిన్ కిటికీ కిందుగా ఊరేగారు. ఎన్నోసార్లు తోడుగా తిరిగిన మిలాన్ రాయబారి, కొమ్మిన్ ఎవరో తెలియనట్టు వెళ్లిపోయాడు. కొమ్మిన్ మూడు రోజులు గడప దాటలేదు.

గుమ్మం దాకా ఒక గౌరవం, ఊరి బయటికి ఒక గౌరవం అన్నారు. మరి నలభై పడవలు కిటికీ కిందిదాకా వచ్చాయే, దాన్ని ఏ లెక్కలో రాసుకున్నారు?

ఇట్లు,
మధ్య సీటు ప్రయాణికుడు