బాత్రూం యాసిడ్‌కు రిజిస్టర్ ఉంది, మరి ముఖానికి?

మొన్న ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చి ఫోన్‌లో కూతురి ఫోటోలు చూపించారు. రెండు చెంపల మీదా బ్రష్ లాగిన చోటల్లా నల్లటి చారలు, పెళ్లేమో పది రోజుల్లో. పార్లర్‌లో ఏం పూశారమ్మా అంటే 'గ్లో పీల్' అన్నారండీ అని జవాబు. ఎంత శాతం? తెలియదు. సీసాకు లేబుల్ కూడా లేదట, స్కెచ్ పెన్‌తో 'గ్లో' అని రాసి పెట్టారట.

గ్లో అన్నా గోల్డ్ అన్నా అది యాసిడే. గ్లైకాలిక్, శాలిసిలిక్, టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్), పేరేదైనా చర్మం పై పొరను ఊడగొట్టడమే దాని పని. 2013లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి యాసిడ్ అమ్మేవాడు కొన్నవాళ్ల పేరు, అడ్రసు రాసుకోవాలి, గుర్తింపు కార్డు చూడాలి (ఎన్ని కొట్లలో రాస్తున్నారన్నది వేరే గొడవ). బాత్రూం కడిగే దానికి ఉన్న లెక్క పెళ్లికూతురి ముఖానికి పూసేదానికి ఎందుకు లేదు?

మేం తేలికపాటివే వాడతాం, పొట్టకూటి కోసం నడుపుకుంటున్నాం అని పార్లర్లవాళ్లు అంటారు. నిజంగా తేలికపాటివి వాడేవాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ లేబుల్ లేని సీసాలో ఉన్నది తేలికో ఘాటో పూసే అమ్మాయికే తెలియనప్పుడు ఆ మాటకు విలువేముంది? గ్లైకాలిక్‌ను గడియారం చూసి, సమయానికి వంటసోడా ద్రావణంతో ఘాటు విరిచి కడగాలి. టీసీఏ అలా విరగదు, ఎన్ని పూతలు వేస్తే అంత లోతుకు దిగుతుంది, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. ఇంకా లోతుకు దిగే ఫినాల్ పీల్ అయితే గుండె లయనే తప్పించగలదు, ఆపరేషన్ థియేటర్‌లో మానిటర్ పెట్టి చేయాల్సిన పని అది. పైగా మన చామనచాయ చర్మం కాస్త కాలితే చాలు, నెలల తరబడి నల్లమచ్చ వదలదు. మంగు పోగొట్టుకోవడానికి వెళ్లి మరింత మంగు తెచ్చుకుంటున్నది ఇందుకే.

పూసే ముందు మూడు ప్రశ్నలైనా అడుగుతున్నారా? మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నావా, పెదవుల దగ్గర నీటిపొక్కులు వస్తుంటాయా, గర్భవతివా అని? చర్మ వైద్యులు ముందు అడిగేవి ఇవే. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఘాటైన పీల్స్ కొనుక్కుని డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడొద్దని 2024లో హెచ్చరించింది. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తున్నాయి.

ఇక తర్వాతి జాగ్రత్తలంటారా, అవి చెప్పే ఓపికే ఎవరికీ లేదు. పొట్టు ఊడే వారం రోజులూ గోకకూడదు, పీకకూడదు. స్క్రబ్బు, బ్లీచ్, ముఖానికి వ్యాక్సింగ్, రెటినాల్ క్రీములు బంద్. మెత్తటి సబ్బు, మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్, అదీ రెండు గంటలకోసారి. మరి మన పిల్లలేం చేస్తున్నారు? పీల్ చేయించుకుని అదే మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడుతున్నారు. రెండ్రోజులకు పెళ్లికూతురిని చేస్తూ ఆ పచ్చి చర్మం మీదే అత్తయ్యలూ పిన్నులూ నలుగు పెట్టి రుద్దుతున్నారు! మంట పుడితే పార్లర్‌ వాళ్లే ఒక ట్యూబు చేతిలో పెడతారు, తీరా చూస్తే అది స్టెరాయిడ్ క్రీమ్. ముఖం పాడు చేస్తున్నాయనే 2018లో కేంద్రం ఇలాంటి చాలా క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అంటే అక్కడా రూలు ఉంది, చూసే నాథుడు లేడు.

వైద్యారోగ్య శాఖ, ఔషధ నియంత్రణ శాఖ అధికారులను అడుగుతున్నాం. బందరు రోడ్డులో, గుంటూరు బ్రాడీపేటలో మీరు రోజూ జీపులో దాటిపోయే పార్లర్లలోకి ఒక్కసారి వెళ్లి ఆ సీసా చేతిలోకి తీసుకున్నారా? శాతం ఎంత, ఎవరికి పూశారు, ఏ తేదీన పూశారు అని రాసిన పుస్తకం ఒక్కటి చూపించమన్నారా? యాసిడ్ కొట్టువాడిని అడగాల్సిన ప్రశ్నలే ఇవి. ఇక్కడ అడగడానికి మీకేం అడ్డం వచ్చింది?